రుచి చూశాకే రొక్కం

మామిడిపళ్ళ బండి దగ్గర నిలబడి "తియ్యగా ఉంటాయా?" అని అడగడం మన ఆడవాళ్ళకి అలవాటు. ఉండవని చెప్పిన బండివాడు ఇంతవరకూ పుట్టలేదనుకోండి. అయినా అడుగుతాం. అతను నోటితో జవాబు చెప్పడు. చాకు తీసి, బంగినపల్లి చెక్క ఒకటి కోసి చేతిలో పెడతాడు. "తిని చూడండమ్మా, నచ్చితేనే తీసుకోండి" అంటాడు. ఆ ముక్క నోట్లో పడ్డాక డజను పళ్ళు సంచీలో వేయించుకోకుండా కదిలిన ఇల్లాలిని నేను చూడలేదు. అందులో రుచి పాలెంతో, మొహమాటం పాలెంతో ఆ బండివాడికే తెలియాలి.

ఇదే పద్ధతిని అమెరికాలో ఒకాయన కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పెట్టాడు. అదీ ఏ లెక్కలు కట్టే ప్రోగ్రామో కాదు. ఒక కంప్యూటర్ని ఇంకో కంప్యూటర్‌తో టెలిఫోన్ తీగ మీద మాట్లాడించే ప్రోగ్రామ్. ఆయన కథ చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. చెప్పాలంటే ముందు మా ఇంటి కథ నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. ఎందుకంటే ఆయనకి నేను బాకీ ఉన్నానేమోనని నాకో అనుమానం.

1999లో మేము బెజవాడ సత్యనారాయణపురంలో ఉండేవాళ్ళం. నేను బి.ఏ. ఆఖరి సంవత్సరం. మా తమ్ముడు ఇంజనీరింగులో చేరిన కొత్త. మా బాబాయి ఆఫీసులో తీసి పారేసిన కంప్యూటర్ ఒకటి మా ఇంటికొచ్చి, దేవుడి గదికీ భోజనాల గదికీ మధ్య తిష్ఠ వేసింది. అమ్మ దాని మీద ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ కప్పింది. ఇంటర్నెట్ మన దేశంలో మామూలు జనానికి 1995 ఆగస్టు 15న వచ్చింది గానీ, డబ్బు కట్టి ఆ ఖాతా తీసుకునే స్తోమత మా ఇంట్లో లేదు. అందుకని వాడు ఇంకో దారి వెతికాడు. ఎవరి దగ్గరో పాత మోడెమ్ ఒకటి సంపాదించాడు. స్నేహితుడి దగ్గర్నుంచి ఒక ఫ్లాపీ తెచ్చాడు. అందులో మోడెమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. డెమో. ముప్ఫై రోజులు వాడుకోవచ్చు, నచ్చితే డబ్బు కట్టి కొనుక్కోవాలి. అది తెరిచినప్పుడల్లా ముందుగా ఓ ప్రకటన వచ్చి కూర్చునేది: తమరు ఇంకా డబ్బు కట్టలేదు సుమా, ఇన్ని రోజులు గడిచాయి, ఇన్ని మిగిలాయి అని. నెలనెలా వాటాలు వసూలు చేసే చిట్టీల మామ్మ గుర్తొచ్చేది నాకు.

వాడి స్నేహితుడిల్లు పటమటలో. ఇద్దరూ ముందు మామూలుగా ఫోన్లో మాట్లాడుకునేవారు. "ఒరేయ్, నేను పెట్టేస్తున్నాను. ఈసారి మోగితే నువ్వు ఎత్తకు, కంప్యూటర్ ఎత్తుతుంది." ఒకసారి అటువైపు ఆ అబ్బాయి నాయనమ్మగారు ఎత్తేశారు. "ఇందులో ఏదో పిట్ట కూస్తోందిరా" అని ఇల్లంతా పిలిచి వినిపించారట. ఆ తర్వాత కీచుమని, బుస్సుమని, గరగరమని నానా చప్పుళ్ళూ అయి, హఠాత్తుగా నిశ్శబ్దం. తెర మీద ఒక మాట. కలిసింది!

అప్పుడు నేను కుర్చీలో కూర్చున్నాను. అక్షరం నొక్కితే మా తెర మీద పడినట్టే పటమటలో వాళ్ళ తెర మీదా పడుతోంది. తెలుగు అక్షరాలు రాయడానికి మా యంత్రంలో వీల్లేదు. ఇంగ్లీషు లిపిలో తెలుగు రాశాను. "అన్నం తిన్నారా?" అని అడిగాను. ప్రపంచ చరిత్రలో నిలిచిపోయే మాటేదైనా రాయాల్సింది! పటమట నించి జవాబొచ్చింది. "గోంగూర."

చెప్పొద్దూ, ఒళ్ళు పులకరించింది.

మర్నాడు ధైర్యం చేసి నేను రాసిన మొదటి కథ పంపించాను, ఆ అబ్బాయి అక్కకి చదువుకోవడానికి. సగం వెళ్ళేసరికి పక్కగదిలో అమ్మ ఇంకో ఫోన్ ఎత్తి "హలో, హలో" అంది. అంతే. కథానాయిక మెట్లు దిగుతూ దిగుతూ ఏవో మీసాల్లాంటి గుర్తుల్లో, చుక్కల్లో కొట్టుకుపోయింది.

ఇక్కడ కొంచెం ఆగి ఈ మోడెమ్ అనే పెట్టె ఏం చేస్తుందో చెప్పుకోవాలి. నేను ఆర్ట్స్ చదివినదాన్ని. నాకు అర్థమైనంత మేరకే చెబుతాను కాబట్టి మీకు భయం అక్కర్లేదు.

కంప్యూటర్‌కి తెలిసినవి ఒకటీ, సున్నా. టెలిఫోన్ తీగకి తెలిసింది మనిషి గొంతు. ఈ రెండింటికీ మధ్య దుబాసీ మోడెమ్. ఒకటి వస్తే ఒక స్వరం, సున్నా వస్తే ఇంకో స్వరం ఊదుతుంది. అమెరికాలో బెల్ కంపెనీ 1962లో తెచ్చిన మోడెమ్ పద్ధతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఫోన్ చేసినవాడి వైపు నుంచి ఒకటికి సెకనుకి 1,270 కంపనాల స్వరం, సున్నాకి 1,070. ఎత్తినవాడి వైపు ఒకటికి 2,225, సున్నాకి 2,025. ఒకరిది కింది స్థాయి, ఒకరిది పై స్థాయి కనుక ఇద్దరూ ఒకేసారి పాడుకున్నా గొంతులు కలిసిపోవు. సవాల్ జవాబ్ కచేరీ అనుకోండి.

వేగం మాత్రం నవ్వొస్తుంది. సెకనుకి 300 బిట్లు, అంటే దాదాపు 30 అక్షరాలు. నా నవల ఒకటి 250 పేజీలుంది. పేజీకి 1,800 అక్షరాల చొప్పున లెక్కేశాను. ఆ తీగ మీద పంపాలంటే నాలుగు గంటల పైన పడుతుంది. బెజవాడలో రైలెక్కితే అంతసేపట్లో కాపీ పట్టుకుని రాజమండ్రి చేరొచ్చు.

మొదట్లో మరీ విడ్డూరంగా ఉండేది. టెలిఫోన్ కంపెనీ తన తీగకి ఎవరి పరికరాన్నీ తగిలించనిచ్చేది కాదు. అందుకని రెండు రబ్బరు గిన్నెలున్న పెట్టె ఒకటి చేసి, ఫోన్ రిసీవర్ని ఆ గిన్నెల్లో బోర్లించేవారు. పెట్టె పాడుతుంది, ఫోన్ వింటుంది. 1968లో అక్కడి ప్రభుత్వ సంస్థ కార్టర్‌ఫోన్ అనే పరికరం కేసులో తీర్పు చెప్పాక బయటివాళ్ళ పరికరాలకి దారి తెరుచుకుంది. 1981లో డెన్నిస్ హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్ అనేది తెచ్చింది. దానికి కంప్యూటరే ఆజ్ఞలిస్తుంది. ఏ.టి. అంటే 'ఇలా చూడు' అని పిలవడం. ఏ.టి.డి.టి. అని నంబరు చెబితే అదే డయల్ చేస్తుంది. ఏ.టి.హెచ్. అంటే ఫోన్ పెట్టేస్తుంది. పద్దెనిమిదేళ్ళ తర్వాత మా తమ్ముడు కొట్టినవీ ఆ అక్షరాలే.

మరి మా అమ్మ ఫోన్ ఎత్తినట్టు ఎవరైనా ఎత్తితే? తీగలో గరగరలొచ్చి అక్షరాలు పాడైతే? దానికీ ఒకాయన ఉపాయం ఆలోచించాడు. చికాగోలో వార్డ్ క్రిస్టెన్సన్ అనే ఆయన, ఐ.బి.ఎం. ఉద్యోగి. 1977లో సరదాగా ఒక ప్రోగ్రామ్ రాశాడు. తర్వాత దాని పద్ధతికి ఎక్స్‌మోడెమ్ అని పేరొచ్చింది. మనం చాకలికి బట్టలేస్తే పద్దు రాసుకుంటాం చూడండి, చీరలు నాలుగు, దుప్పట్లు రెండు, మొత్తం ఆరు అని. మూట తిరిగొచ్చాక లెక్కపెడతాం. సరిపోకపోతే మళ్ళీ పంపిస్తాం. ఆయన చేసిందీ అదే. 128 అక్షరాలకి ఒక మూట కట్టి, పక్కన మొత్తం రాసిపెట్టాడు. అందుకున్న కంప్యూటర్ మొత్తం కట్టి చూసుకుంటుంది. కుదిరితే 'అందింది' అంటుంది, కుదరకపోతే 'మళ్ళీ పంపు' అంటుంది. ఇంత చక్కని పని చేసి, ఆయన దాన్ని ఎవరికి కావాలంటే వాళ్ళకి ఊరికే ఇచ్చేశాడు. 1978 జనవరిలో చికాగోలో విపరీతంగా మంచు కురిసి ఇంట్లోంచి కదల్లేని రోజుల్లో, ఆయనా స్నేహితుడు రాండీ స్యూస్ కలిసి, ఫోన్ చేసి కబుర్లు రాసిపెట్టుకునే కంప్యూటర్ నోటీసు బోర్డు ఒకటి తలపెట్టారు. ఫిబ్రవరి 16న తెరిచారు. ఒక్కొక్కళ్ళే ఫోన్ చేయాలి. ఒకరు పెట్టేస్తే గానీ ఇంకొకరికి తగలదు. మన పాత వీధిపంపు దగ్గర బిందెల వరసలా. స్యూస్ 2019లో, క్రిస్టెన్సన్ 2024లో పోయారు. ఆ వార్తలు మన పేపర్లలో ఎక్కడైనా వచ్చినా నా కంట పడలేదు.

ఇక అసలు మనిషి దగ్గరికొద్దాం. పేరు ఆండ్రూ ఫ్లూగెల్మన్.

ఈయన కంప్యూటర్ల మనిషి కాదు, పుస్తకాల మనిషి. నాకు ఆయన మీద మమకారం కలగడానికి అదే కారణం. న్యాయశాస్త్రం చదివి, కొన్నాళ్ళు లాయరు పని చేసి, అది వదిలేశాడు. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర టిబురాన్ అనే చిన్న ఊళ్ళో హెడ్‌లాండ్స్ ప్రెస్ పేరుతో పుస్తకాలు తయారుచేసేవాడు. 1976లో వచ్చిన కొత్త ఆటల పుస్తకానికి సంపాదకుడు ఆయనే. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది పక్కనపెట్టి పదిమందీ కలిసి ఆడుకునే ఆటలవి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. వాళ్ళ పర్సనల్ కంప్యూటర్ వచ్చింది. ఫ్లూగెల్మన్ తొందరగానే ఒకటి కొనుక్కున్నాడు. అప్పటికి జెరెమీ జోన్ హ్యూస్ అనే రచయిత్రితో కలిసి ఒక పుస్తకం రాస్తున్నాడు. కంప్యూటర్ వచ్చాక రాసేవాళ్ళు ఎలా రాసుకోవాలి అన్నదే ఆ పుస్తకం. 1983లో అచ్చయింది. చిక్కెక్కడొచ్చిందంటే, ఆవిడ దగ్గరున్న కంప్యూటర్ వేరే రకం. ఈయన ఫ్లాపీ ఆవిడ యంత్రం చదవదు, ఆవిడ ఫ్లాపీ ఈయనది చదవదు. కంప్యూటర్‌తో ఎలా రాయాలో లోకానికి చెప్పబోతున్న ఇద్దరు రచయితలు ఒకరి ప్రకరణం ఒకరు చదువుకోలేకపోయారు! ఇంతకన్నా హాస్యం నేను నవలలో కల్పిస్తే సంపాదకులు కొట్టేస్తారు.

మిగిలిన దారి టెలిఫోన్ ఒక్కటే. దొరుకుతున్న ప్రోగ్రాములు ఆయనకి నచ్చలేదు. సరే, నేనే రాసుకుంటానని కూర్చున్నాడు. బేసిక్ భాషలో, అంటే అప్పట్లో బళ్ళో పిల్లలకి నేర్పే భాషలో, తనకి కావలసినట్టు రాసుకున్నాడు. 1982లో అది తయారైంది. పీసీ-టాక్ అని పేరు పెట్టాడు. చూసినవాళ్ళంతా మాకో కాపీ ఇవ్వమన్నారు.

ఇప్పుడేం చేయాలి? అమ్మాలంటే పెట్టె కట్టాలి, ప్రకటనలివ్వాలి, దుకాణాల వెంట తిరగాలి, ఎవరూ దొంగ కాపీలు తీయకుండా తాళాలు వెయ్యాలి. పుస్తకాల వ్యాపారంలో ఈ అవస్థలన్నీ ఆయన చూసినవే. అలాంటప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో కె.క్యూ.ఇ.డి. అనే టెలివిజన్ కేంద్రం ఆయనకి దారి చూపించింది. అందులో వ్యాపార ప్రకటనలుండవు. అప్పుడప్పుడు వాళ్ళే తెర మీదికొచ్చి, మీరు మా కార్యక్రమాలు చూస్తున్నారు కదా, తోచింది పంపించండి అని అడుగుతారు. చూసేవాళ్ళు పంపుతారు. మనకిది కొత్తేం కాదు. హరికథ మంచి పట్టులో ఉండగా దాసుగారు ఆపితే హారతి పళ్ళెం సభలోకి వస్తుంది. వేసేవాడు వేస్తాడు, వెయ్యనివాడు కళ్ళు మూసుకుని భక్తిలో మునిగిపోతాడు. కథ మాత్రం అందరికీ చెబుతారు.

ఫ్లూగెల్మన్ తన ప్రోగ్రామ్‌లో పళ్ళెం పెట్టాడు. ఎవరైనా సరే ఖాళీ ఫ్లాపీ ఒకటి, తిరుగు టపా ఖర్చులతో కవరు ఒకటి పంపితే ఊరికే కాపీ చేసి పంపుతానన్నాడు. ప్రోగ్రామ్‌లోనే ఒక విన్నపం రాశాడు. మీకిది ఉపయోగపడితే 25 డాలర్లు పంపండి. పంపినా పంపకపోయినా సరే, కాపీలు తీసి మీ స్నేహితులకి పంచండి అని. ఆనాటి మారకంలో 25 డాలర్లంటే మన రూ.240 లోపు. తాళాల్లేవు, గడువుల్లేవు. ముప్ఫై రోజుల గడియారం అసలే లేదు. ప్రోగ్రామ్ మొత్తం ఉన్నది ఉన్నట్టు ఇచ్చాడు. ఎలా రాశాడో కూడా తెరిచి చూసుకోవచ్చు, తెలిసినవాళ్ళు మార్చుకోవచ్చు.

దానధర్మమనుకునేరు! ఇది పరోపకారం కన్నా ఆర్థికశాస్త్రంలో ప్రయోగం అని ఆయనే చెప్పుకున్నాడు. దొంగ కాపీల భయంతో అందరూ తాళాలు వేస్తున్న కాలంలో, కాపీ తీసేవాణ్ణే తన ఊరూరి ఏజెంటుగా మార్చుకున్నాడు. వాడికి జీతం ఇవ్వక్కర్లేదు. మామిడిపళ్ళ బండివాడికి అర్థమయ్యే శాస్త్రమే. చెక్కులు రావడం మొదలైంది. ఊరూ పేరూ తెలియనివాళ్ళు, అడగడానికి ఎవరూ రారని తెలిసినవాళ్ళు, కవర్లలో పెట్టి పంపారు.

విచిత్రం చూడండి, అదే 1982లో ఇంకో మనిషికీ ఇదే ఆలోచన వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో జిమ్ క్నోఫ్, ఆయనా ఐ.బి.ఎం. ఉద్యోగే. తమ చర్చి సభ్యులకి పంపే ఉత్తరాల మీద చిరునామాలు అచ్చు వేసుకోవడానికి ఒక ప్రోగ్రామ్ రాసుకున్నాడు. అదడిగి ఇదడిగి నలుగురూ తీసుకెళ్ళారు. వాళ్ళందరికీ కొత్త మార్పులు పంపడానికి టపా ఖర్చులు తడిసి మోపెడయ్యాయి. పది డాలర్లు ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వండి అని రాసిపెట్టాడు. ఇద్దరి ప్రోగ్రాములూ వాడే ఒక మనిషి ఈ సంగతి చెప్పగా వీళ్ళకి ఒకరి గురించి ఒకరికి తెలిసింది. మనలో అయితే 'ముందు నాకే తట్టింది' అని పత్రికల్లో ఉత్తరాల యుద్ధం జరగాల్సిందే. వాళ్ళు ఒకరి ప్రోగ్రామ్‌లో ఇంకొకరి ప్రోగ్రామ్ గురించి రాసుకున్నారు. క్నోఫ్ తన దాని పేరు పీసీ-ఫైల్ అని మార్చి, జంటపదంలా పీసీ-టాక్ పక్కన పెట్టాడు. వెల కూడా 25 డాలర్లు చేశాడు. జర్మన్ భాషలో క్నోఫ్ అంటే గుండీ అట. అందుకని వ్యాపారానికి జిమ్ బటన్ అని పేరు పెట్టుకున్నాడు. 1984లో ఉద్యోగం వదిలేశాడు. మొహమాటం మీద బతకొచ్చని రుజువైంది!

ఒక్క విషయంలో మాత్రం ఫ్లూగెల్మన్ మీద నాకు చిన్న కినుక. ఈ పద్ధతికి ఆయన ఫ్రీవేర్ అని పేరు పెట్టి, ఆ పేరుని వ్యాపార చిహ్నంగా తన సొంతం చేసుకున్నాడు. సరుకు అందరిదీ, పేరు మాత్రం నాది అన్నట్టు. లాయరు బుద్ధి పూర్తిగా పోయినట్టు లేదు. దాంతో మిగిలినవాళ్ళు ఇంకో మాట వెతుక్కోవలసి వచ్చింది. మైక్రోసాఫ్ట్‌లో తొలినాళ్ళ ఉద్యోగుల్లో ఒకడైన బాబ్ వాలెస్ 1983లో అక్కడ మానేసి, రాసుకునేవాళ్ళకి పీసీ-రైట్ అనే ప్రోగ్రామ్ చేశాడు. షేర్‌వేర్ అనే మాటని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. పంచుకునే సరుకు అని. ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. డబ్బు కట్టినవాడి కాపీకి ఒక నంబరిచ్చేవాడు. ఆ కాపీ చూసి ఇంకెవరైనా డబ్బు కడితే మొదటివాడికి 25 డాలర్లు కమీషను! అది నాకంత నచ్చలేదు. పంచడంలో ఉన్న అందం తగ్గిపోయిందనిపించింది. జనం మాత్రం బాగానే పంచారు.

పీసీ-టాక్ తర్వాత మోడెమ్ ప్రోగ్రాములు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. అమెరికాలో క్యూమోడెమ్, ప్రోకామ్, కెనడాలో టెలిక్స్. వాటిలో చాలావాటిది ఇదే బాట. ఇది మోడెమ్ ప్రోగ్రాములకే ఎందుకింత బాగా అమరిందో ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. ఫోన్ తీగ మీద నడిచే నోటీసు బోర్డుల్లోనే ఈ ప్రోగ్రాముల కాపీలూ ఉండేవి. మోడెమ్ ప్రోగ్రామ్ వాడి ఇంకో మోడెమ్ ప్రోగ్రామ్ తెచ్చుకునేవారు. తన పల్లకీ తనే మోసుకెళ్ళిన సరుకు అది.

ఫ్లూగెల్మన్ ఇవన్నీ చూడలేదు. పీసీ-టాక్ కన్నా ఆయనకి సంపాదకత్వమే ఇష్టమైన పని. పీసీ వరల్డ్ పత్రికకి, తర్వాత 1984లో మొదలైన మాక్‌వరల్డ్ పత్రికకి సంపాదకుడయ్యాడు. 1985 జులైలో ఒకరోజు ఆఫీసు నుంచి వెళ్ళిన మనిషి ఇంటికి రాలేదు. కొన్ని రోజులకి ఆయన కారు గోల్డెన్ గేట్ వంతెన దగ్గర దొరికింది. ఆయన దొరకలేదు. అప్పటికి 41 ఏళ్ళు. నాకన్నా చిన్నవాడు.

దీని మీద కథలల్లడం నాకు ఇష్టం లేదు. నవలలు రాసేదాన్ని కాబట్టి అల్లాలనిపిస్తుంది కూడా, కానీ అల్లను. ఒక్కటే నాకు గుర్తొస్తూంటుంది. దూరంగా ఉన్న ఇద్దరు తమ రాతలు ఒకరికొకరు పంపుకోవడానికి పుట్టిన ప్రోగ్రామ్ అది. దాన్ని రాసిన మనిషి చివరికి ఏ కబురూ పంపకుండా వెళ్ళిపోయాడు. ఆయన లేడని తెలియని వాళ్ళు, ఎక్కడెక్కడో స్నేహితుల దగ్గర కాపీ తీసుకున్నవాళ్ళు, ఆ తర్వాత కూడా ఆ విన్నపం చదివే ఉంటారు.

1987లో షేర్‌వేర్ రాసేవాళ్ళంతా ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ కట్టుబాట్లలో ఒకటి, వాడుకోవడానికిచ్చిన ప్రోగ్రామ్‌ని కావాలని కుంటిదాన్ని చేసి ఇవ్వకూడదని. అంటే అప్పటికే అలా ఇచ్చేవాళ్ళు బయల్దేరారన్నమాట. తెరుచుకుంటుంది గానీ దాచుకోనివ్వదు. రాయనిస్తుంది గానీ అచ్చు వెయ్యనివ్వదు. లేదా మా ఇంటికొచ్చినట్టు ముప్ఫై రోజుల గడియారంతో వస్తుంది. రుచి చూడమని పండు చేతికిచ్చి, నోరు తెరిచేలోపు లాక్కోవడం. డెమో అనే మాటకి ఇప్పుడందరికీ తెలిసిన అర్థం అదే. ఆ గడియారాన్ని తప్పుపట్టే మొహం మాత్రం నాకు లేదు. ఎందుకంటే ముప్ఫై ఒకటో రోజున మా ఇంట్లో ఏం జరిగిందో మీకింకా చెప్పలేదు.

ఆ రోజు పొద్దున్న ప్రోగ్రామ్ తెరుచుకోలేదు. గడువు తీరిందంది. మా తమ్ముడు కంగారేమీ పడలేదు. కంప్యూటర్‌లో తేదీని నెల వెనక్కి తిప్పాడు. మళ్ళీ తెరుచుకుంది. ఇంకో నెలకి మళ్ళీ తిప్పాడు. అలా ఆ సంవత్సరమంతా బెజవాడలో వేసవి వచ్చి, వానలొచ్చి, దసరా వచ్చి వెళ్ళిపోయినా మా కంప్యూటర్‌లో మాత్రం మార్చి నెలే. నాన్నగారికి తెలియదు. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. నా కథలు పటమట వెళ్ళాలి కదా. ఆ అక్కగారు చదివి, ఇక్కడ బాగుంది, ఇక్కడ సాగదీశావు అని తిరుగు టపాలో రాస్తున్నారు కదా. నా రాతలకి మొదటి పాఠకురాలు ఆవిడ. ఆ ప్రోగ్రామ్ లేకపోతే నేను రెండో కథ రాసేదాన్ని కాదేమో.

ఈ సంగతి పాతికేళ్ళు మర్చిపోయాను. పోయినేడాది ఒక పెళ్ళిలో గుర్తొచ్చింది. ఒకావిడ భోజనాల దగ్గర నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. "మీ నవల చదివానండీ, రెండు రాత్రులు నిద్రపట్టలేదు. వాట్సాప్‌లో వచ్చింది. మా తోడికోడళ్ళకీ, చెల్లెళ్ళకీ, అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరికీ పంపించాను!" అంది. ఎవరో పుస్తకం పేజీ పేజీకీ ఫొటో తీసి వదిలారట. నాకు ఆ పుస్తకం మీద ఏడాదికొచ్చే డబ్బుతో ఆ పెళ్ళికి కట్టుకెళ్ళిన చీర రాదు. మొహాన నవ్వు పులుముకుని "సంతోషమండీ" అన్నాను. ఇంటికొచ్చి మావారి దగ్గర చెడామడా తిట్టాను. దొంగతనం కాదూ ఇది అన్నాను. పోలీసు కేసు పెట్టొచ్చా అని కూడా అడిగాను.

తిట్టడం అయ్యాక, నిద్రపట్టక, ఫ్లూగెల్మన్ విన్నపం గుర్తొచ్చింది. పంపినా పంపకపోయినా పంచండి అన్నాడే, అంత గుండె నాకుందా? ఆయనకి వేరే ఉద్యోగం ఉంది, జరిగింది. నాకు ఇదే పని. పైగా ఆయన పంచమన్నాడు కాబట్టి పంచారు. నన్నెవరు అడిగారు? తేడా ఉంది. ఉందనే నా వాదన. అయినా ఆ రెండు రాత్రులు నిద్రపోని ఆవిడ మొహం మరుపు రాలేదు. వచ్చే పుస్తకం చివరి పేజీలో నేనూ పళ్ళెం పెడితే ఎలా ఉంటుంది? 'ఇది మీకు ఫోన్లో వచ్చి ఉంటే, నచ్చి ఉంటే, తోచింది పంపండి' అని. మావారితో అన్నాను.

"పెట్టు, పెట్టు. ముందు మీ అక్కాతమ్ముళ్ళ పాత బాకీ తీర్చు" అన్నారు.

మా తమ్ముడిప్పుడు అమెరికాలోనే డాలస్‌లో ఉంటున్నాడు. వాడూ సాఫ్ట్‌వేరే. ఆదివారం వీడియోలో కనబడగానే అడిగాను, ఒరేయ్, ఆ మోడెమ్ ప్రోగ్రామ్‌కి తర్వాతెప్పుడైనా డబ్బు కట్టావా అని. వాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పడీ పడీ నవ్వాడు.

"ఆ కంపెనీయే లేదక్కా ఇప్పుడు. ఎవరికి కడతాం?"

"ఉన్నప్పుడు కట్టాల్సింది కదరా."

"ఉన్నప్పుడు మన దగ్గర లేవుగా" అన్నాడు. కాసేపాగి, "ఎంతట అప్పట్లో?" అని అడిగాడు. నాకూ గుర్తులేదు.

ఆ రోజుల ఫ్లాపీలు కొన్ని అమ్మ బీరువాలో, పట్టుచీరల అడుగున ఇంకా ఉన్నాయి. వాటిలో ఉన్నదంతా ఎప్పుడో కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చాడు వాడే. నా మొదటి తొమ్మిది కథలూ అందులో భద్రంగా ఉన్నాయి. వానాకాలంలో రాసినవీ, సంక్రాంతికి రాసినవీ అన్నీ. తేదీ చూస్తే మాత్రం తొమ్మిదింటికీ ఒకటే నెల, 1999 మార్చి.